ఎట్రుస్కన్లను ‘అంతుచిక్కని జాతి’గా మార్చిందెవరు?

రోమ్ నగరంలోని విల్లా జూలియా మ్యూజియంలో కాల్చిన మట్టితో చేసిన ఒక ఎట్రుస్కన్ శవపేటిక ఉంది. దాని మూత మీద భార్యాభర్తలిద్దరూ ఒకే పాన్పుపై, విందులో ఉన్నట్టుగా మోచేతుల మీద ఒరిగి ఉంటారు. భర్త కుడిచేయి భార్య భుజం మీద ఉంటుంది. అతని పాదాలకు ఏమీ లేవు, ఆమె కాళ్లకు మాత్రం మొన పైకి తిరిగిన మెత్తని చెప్పులున్నాయి. క్రీ.పూ. 520 ప్రాంతంలో రోమ్‌కు దగ్గరలోని ఎట్రుస్కన్ పట్టణం చెర్వేతెరిలో తయారైన ఈ శిల్పం 1881లో దాదాపు 400 ముక్కలుగా దొరికింది. ఆ ముక్కలన్నీ అతికించాక చూస్తే ఇద్దరి వేళ్లూ ఏదో పట్టుకున్న భంగిమలో ఉన్నాయి, కానీ పట్టుకున్న వస్తువులు లేవు. అత్తరు సీసా అని కొందరు, గుడ్డు లేదా పండు అని మరికొందరు పండితులు ఊహిస్తున్నారు.

ఇటలీలో ఆర్నో, టైబర్ నదుల మధ్య ప్రాంతాన రోమ్ కంటే ముందు వెలిగిన ఎట్రుస్కన్ల గురించి రాసే ప్రతివారూ ‘అంతుచిక్కని జాతి’ అన్న మాటతోనే మొదలుపెడతారు. ఈ మాట వారికి అన్యాయం చేస్తోందని నా అభిప్రాయం. వారి లిపి గ్రీకు అక్షరాల నుంచి వచ్చింది కాబట్టి దాన్ని చదవడానికి ఇబ్బంది లేదు. దాదాపు 13 వేల శాసనాలు దొరికాయి. వాటిలో చాలా భాగం పేర్లు, బంధుత్వాలు, వయసులు చెప్పే చిన్న సమాధి రాతలే కావడం, ఆ భాషకు నేడు జీవించి ఉన్న సోదర భాష ఒక్కటీ లేకపోవడం అసలు చిక్కు. వారు ఆసియా మైనర్‌లోని లిడియా నుంచి వలస వచ్చారని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, కాదు స్థానికులేనని హలికార్నాసస్‌కు చెందిన డయొనీషియస్ రాసిన నాటి నుంచి సాగిన వాదం కూడా చాలావరకు తేలింది. క్రీ.పూ. 800 నుంచి క్రీ.శ. 1000 వరకు జీవించిన 82 మంది అవశేషాల డీఎన్‌ఏను పరిశీలించి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఎట్రుస్కన్ల జన్యువులు పొరుగున ఉన్న లాటిన్ల జన్యువులను పోలి ఉన్నాయని, ఆ కాలానికి దగ్గరలో తూర్పు నుంచి వలస జరిగిన జాడ లేదని తేలింది.

పోయింది వారి సొంత గొంతు. రోమన్ చక్రవర్తి క్లాడియస్ వారి చరిత్రను 20 సంపుటాలుగా రాశాడు, అందులో ఒక్కటీ మిగల్లేదు. వారి ఇళ్లు కర్ర, పచ్చి ఇటుకలతో కట్టినవి కావడంతో నేలలో కలిసిపోయాయి, ఊళ్ల మీద కొత్త ఊళ్లు లేచాయి. రాతిలో తొలిచిన సమాధులు మాత్రం నిలిచాయి. వాటిని ఇళ్ల నమూనాలోనే తొలిచారు గనుక, ఎట్రుస్కన్ ఇల్లు ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే శ్మశానానికే వెళ్లాలి. వీధులు, చిన్న కూడళ్లు, పేటలతో చెర్వేతెరిలోని బందితాచ్చా శ్మశానం ఒక పట్టణంలా కనిపిస్తుంది. 2004లో యునెస్కో మరో ఎట్రుస్కన్ పట్టణమైన తార్క్వీనియా శ్మశానంతో కలిపి దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

బందితాచ్చాలో మతునా కుటుంబం క్రీ.పూ. 4వ శతాబ్దంలో తొలిపించుకున్న ‘ఉబ్బెత్తు శిల్పాల సమాధి’ని కాస్త దగ్గరగా చూడాలి. మెట్లు దిగి లోపలికి వెళితే గోడల్లో తొలిచిన గూళ్లు, వాటిలో జంట దిండ్లు. స్తంభాల మీద, గోడల మీద గచ్చుతో మలిచి రంగులు వేసిన వస్తువులు. తాడు చుట్ట, కత్తులు, గొడ్డలి, కూజాలు, డాళ్లు, శిరస్త్రాణాలు, వాటి మధ్య ఒక కుక్క, ఒక బాతు. వంటింట్లో మేకులకు తగిలించిన సామాను తగిలించినట్టే ఉంది. ఎదురుగా ఉన్న ప్రధాన శయ్య ముందు కాలిపీట మీద ఒక చెప్పుల జత. పక్కనే ఉన్న పెట్టె మీద మడిచిన గుడ్డ ఒకటి ఉంది, దాన్ని పండితులు నార గుడ్డ మీద రాసిన పుస్తకంగా గుర్తించారు. అలాంటి అసలు పుస్తకం ఈ లోకంలో ఒక్కటే మిగిలింది. 1848లో అలెగ్జాండ్రియాలో కొని తెచ్చిన ఒక ఈజిప్టు మమ్మీకి చుట్టిన పట్టీల మీద ఉన్నది ఎట్రుస్కన్ రాత అని 1890ల తొలినాళ్లలో గుర్తించారు, ఇప్పుడది జాగ్రెబ్ మ్యూజియంలో ఉంది. సమాధిలోని ఆ గుడ్డ మడతకు పుస్తకమన్న అర్థం ఇస్తున్నది ఆ శయ్య, ఆ పెట్టె, ఆ ఇంటి పెద్ద దిండు. దాన్ని అక్కడి నుంచి పెకలించి ఎక్కడో గాజుపెట్టెలో పెడితే అది మడత పెట్టిన గుడ్డగానే మిగులుతుంది.

స్త్రీల విషయంలో సమాధి సాక్ష్యం విలువ ఇంకా పెద్దది. క్రీ.పూ. 4వ శతాబ్దపు గ్రీకు రచయిత థియోపోంపస్ ఎట్రుస్కన్ స్త్రీలను సిగ్గులేనివారిగా చిత్రించాడు. భర్త కాని పురుషులతో కూడా కలిసి విందులు చేస్తారన్నది అతని ఆరోపణల్లో ఒకటి. ఆ శవపేటిక మీది దంపతులను, తార్క్వీనియాలో క్రీ.పూ. 5వ శతాబ్దపు ‘చిరుతపులుల సమాధి’ గోడ మీద విందు చేస్తున్న జంటలను చూస్తే, పరాయి కంటికి తప్పుగా తోచినది వారికి చనిపోయాక కూడా చూపించుకోదగిన గౌరవమని అర్థమవుతుంది. రోమన్ స్త్రీని సాధారణంగా తండ్రి వంశనామంతోనే పిలిచే కాలంలో ఎట్రుస్కన్ స్త్రీకి తనదైన పేరుండేది, అది శాసనంలోకి ఎక్కేది. చెర్వేతెరి సమాధుల బయట పురుషులకు స్తంభాకారపు గుర్తురాళ్లు, స్త్రీలకు చిన్న ఇంటి ఆకారపు గుర్తురాళ్లు నిలిపేవారు. అవి ఉన్న చోటనే ఉంటే ఆ కుటుంబంలో ఎవరెవరు ఒకచోట నిద్రపోతున్నారో గుమ్మం దగ్గరే తెలుస్తుంది. ఎవరో పెరటి అలంకారానికి పట్టుకుపోతే తెలియదు.

తవ్వకం సక్రమంగా జరిగితే ఏమి దక్కుతుందో 1964లో చెర్వేతెరికి చెందిన పిర్జీ రేవు చూపించింది. రెండు ఆలయాల మధ్య, చుట్టిన స్థితిలో, బిగించడానికి వాడిన మేకులతో సహా మూడు బంగారు రేకులు బయటపడ్డాయి. రెండింటి మీద ఎట్రుస్కన్, ఒకదాని మీద తూర్పు మధ్యధరా తీరపు వ్యాపారుల భాష అయిన ఫినీషియన్ రాత. చెర్వేతెరి పాలకుడు థెఫారీ వెలియానాస్ ఒక దేవతకు చేసిన సమర్పణ అది. ఆ దేవతను ఎట్రుస్కన్‌లో ఊని అని, ఫినీషియన్‌లో అస్టార్టే అని రాశారు. ఫినీషియన్ పాఠంలో ‘మూడో ఏడాది’ అని ఉన్న చోట ఎట్రుస్కన్‌లో ‘కి అవిల్’ అని ఉండటంతో ‘కి’ అంటే మూడు అన్న నిర్ణయానికి గట్టి ఆధారం దొరికింది. ఆ మూడు రేకులు ముగ్గురు వ్యాపారుల చేతుల్లో పడి ఉంటే ఆ పోలిక ఎవరికి దక్కేది?

ఇటలీలో సమాధులు దోచేవారిని తొంబరోలి అంటారు, మన గుప్తనిధుల వేటగాళ్ల వంటివారు. 1971లో చెర్వేతెరి దగ్గర వారు తవ్వి తీసిన, యూఫ్రోనియస్ అనే గ్రీకు చిత్రకారుడి పాత్రను న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం మరుసటి ఏడాది 10 లక్షల డాలర్లకు కొన్నది. ఏథెన్స్‌లో చిత్రించిన ఆ పాత్ర మీద సార్పిడాన్ అనే వీరుడి దేహాన్ని నిద్ర, మృత్యువు అనే ఇద్దరు దేవతలు మోసుకుపోతుంటారు. 2008లో అది ఇటలీకి తిరిగి వచ్చింది, ఇప్పుడు చెర్వేతెరిలోనే ఉంది. సంతోషమే. అయితే ఆ దృశ్యాన్ని తన సమాధికి కోరుకున్నది ఏ ఇంటివారు, పక్కన ఉన్న అస్థికలు పురుషుడివా స్త్రీవా అన్న సమాచారం ఏ విమానంలోనూ తిరిగి రాలేదు. ఇదే మ్యూజియం 1915, 1921 మధ్య కొన్న మూడు భారీ ఎట్రుస్కన్ యోధుల విగ్రహాలు నకిలీవని 1961లో ప్రకటించాల్సి వచ్చింది. దొరికిన చోటు చూపించలేని వస్తువును నమ్మితే జరిగేది అదే.

పెద్ద మ్యూజియాలు కొనకపోతే ఇవన్నీ నాశనమయ్యేవి అనే వాదనను నేను ఒప్పుకోలేను. కొనేవాడు ఉన్నాడనే నమ్మకంతోనే రాత్రిపూట గడ్డపార లేస్తుంది. వస్తువు దక్కినా దాని చుట్టూ ఉన్న సమాధి ఆ రాత్రితోనే పోతుంది.

రోమ్‌కు వాయవ్యంగా సాన్ జూలియానో దగ్గర 600కు పైగా సమాధులను నమోదు చేసిన పరిశోధకులకు అన్నీ దోచినవే ఎదురయ్యాయి. 2025లో మాత్రం క్రీ.పూ. 7వ శతాబ్దపు ఒక గది, ద్వారానికి మూసిన రాయి కదలకుండా, దొరికింది. రాతి పాన్పుల మీద నలుగురు, వారి చుట్టూ కుండలు, ఇనుప ఆయుధాలు, కంచు నగలు కలిపి 100కు పైగా వస్తువులు, పెట్టినవి పెట్టిన చోటనే ఉన్నాయి.