టిక్

పాత యాంప్లిఫయర్‌లో ఎడమ వైపు గొంతు పోయింది. కొత్తది వినకుండా కొనొద్దని అందరూ చెప్పారు. ఎలా వినాలో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. కంఠతా వచ్చిన పాటొకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకుని షాపుకు వెళ్లాను.

మొదటిది విన్నాను. ఎలా ఉందో ఇప్పుడు గుర్తులేదు. పరువు పోయింది రెండోదాని దగ్గర.

"కళ్లు మూసుకోండి సార్, తేడా మీకే తెలుస్తుంది" అన్నాడు షాపబ్బాయి. మూసుకున్నాను. నా పాట మొదట్లో నాలుగైదు సెకన్లు ఏమీ వినబడదు, ఆ తర్వాత మెల్లగా మొదలవుతుంది. ఆ సంగతి తెలిసినవాణ్ని కదా, ఆ నిశ్శబ్దాన్నే ఆస్వాదించడం మొదలుపెట్టాను. గుర్రుమనే చప్పుడు లేదు, బుస లేదు. తల ఊపాను. మడమతో తాళం వేశాను. దేనికి వేశానని అడక్కండి, నాకూ తెలీదు. అంతలో ఎక్కడో లోతులోంచి 'టిక్' అని వినిపించింది. చిటికెలో సగం చిటికె.

"ఆహా! ఆ తాళం దెబ్బ ఎంత స్పష్టంగా ఉందో! నా పాతదాంట్లో ఇది ఒక్కసారి కూడా వినబడలేదు!" అన్నాను, కళ్లు తెరవకుండానే.

"అది రిలే సార్. పాట ఇంకా పెట్టలేదు."

స్విచ్ వేయగానే లోపల కరెంటు కుదురుకోవడానికి కొన్ని సెకన్లు పడుతుందట. ఆ కుదుపుకి స్పీకర్లు ఢప్పుమనకుండా అంతసేపూ వాటిని విడిగా ఉంచి, తర్వాత టిక్కుమని కలుపుతుందట రిలే. చక్కగా చెప్పాడు. ఇదే ముక్క నేను తల ఊపుతున్నప్పుడు చెప్తే ఏం పోయేది? చేతులు కట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. పక్క సోఫాలో ఆయనెవరో ఫోన్‌లో మొహం దాచుకున్నాడు.

ఇతనేమైనా సత్యహరిశ్చంద్రుడా అంటే అదీ కాదు. ఖరీదైనదాని వంతు రాగానే వాల్యూమ్ రవ్వంత పెంచాడు. ఒక్క డెసిబెల్ పెరిగితే చెవికి గట్టిగా వినబడుతోందని అనిపించదు, బాగుందని అనిపిస్తుంది. పోల్చేటప్పుడు రెంటికీ శబ్దం సమానంగా పెట్టాలన్నది ఈ వ్యాపారంలో ఓనమాలు. అడుగుదామనే నోరు తెరిచాను. కానీ రిలేకి ఆహా అన్నవాడు డెసిబెళ్ల గురించి ఏ మొహంతో అడుగుతాడు?

ఈలోగా అతను మూడోదాని స్విచ్ మీద వేలు పెట్టి, ఎంతో వినయంగా అడిగాడు.

"దీన్ని పాట పెట్టి వినిపించమంటారా సార్?"