ప్రొపెల్లర్ విమానాల ప్రమాదాలు: గన్నవరం అడగాల్సిన ప్రశ్నలు

ప్రొపెల్లర్ విమానం కూలిందన్న వార్త ఏ దేశం నుంచి వచ్చినా, విజయవాడలో మొదట వినిపించేది "పాత విమానమై ఉంటుంది" అనే మాటే. గన్నవరం నుంచి పొరుగు నగరాలకు తిరిగే సర్వీసుల్లో ఏటీఆర్-72 రకం ప్రొపెల్లర్ విమానాలు చాలాకాలంగా ఉన్నాయి కనుక ఆ భయాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ మాట దర్యాప్తు నివేదికలతో పొసగదు. 2015 ఫిబ్రవరి 4న తైవాన్ రాజధాని తైపేలో టేకాఫ్ అయిన కొద్ది నిమిషాలకే నదిలో కూలి 43 మందిని బలిగొన్న ట్రాన్స్ఏషియా విమానయాన సంస్థకు చెందిన ఏటీఆర్-72-600 ఆ కంపెనీ చేతికి వచ్చి ఏడాది కూడా నిండలేదు. విమానాశ్రయాల పరిసరాల్లో జరిగిన ఇలాంటి ప్రమాదాల్లో చాలావాటి మూలం యంత్రం వయసులో లేదు. నేలకు బాగా దగ్గరగా, ఆలోచించుకునే వ్యవధి లేని సమయంలో పైలట్లు తీసుకున్న చర్యల్లోనూ, ఆ పొరపాటును మధ్యలోనే ఆపాల్సిన రక్షణలు లేకపోవడంలోనూ ఉంది.

దీన్ని అర్థం చేసుకోవాలంటే ప్రొపెల్లర్ పనితీరు కొంత తెలియాలి. టర్బోప్రాప్ అనే ఈ రకం ప్రొపెల్లర్ విమానంలోనూ జెట్‌లో లాగే ఉండేది టర్బైన్ ఇంజినే. అది ప్రొపెల్లర్‌ను తిప్పుతుంది. ఆ బ్లేడ్ల కోణం మారుతూ ఉంటుంది. కదిలే బస్సు కిటికీలోంచి అరచేతిని గాలికి అడ్డంగా చాపితే చేయి వెనక్కి నెట్టుకుపోతుంది, పక్కకు తిప్పి అంచును చూపితే తేలిగ్గా నిలుస్తుంది. బ్లేడ్ల సంగతీ అంతే. ఇంజిన్ చెడిపోయినప్పుడు బ్లేడ్ల అంచును గాలికి ఎదురుగా తిప్పేయాలి. దీన్నే ఫెదరింగ్ అంటారు. అలా తిప్పకపోతే పనిచేయని ప్రొపెల్లరే విమానాన్ని ఒక పక్కకు ఈడ్చేస్తుంది. పనిచేస్తున్న ఇంజిన్‌కు ఫెదరింగ్ జరిగితే ముందుకు నెట్టే బలమే పోతుంది.

తైపేలో కుడి ఇంజిన్‌కు సంబంధించిన ఇంజిన్ చెడితే ఫెదరింగ్ చేసే ఆటోఫెదర్ పరికరంలో లోపం తలెత్తి, దాని ప్రొపెల్లర్ తనంతట తానే ఫెదర్ స్థితికి వెళ్లింది. మిగిలిన ఇంజిన్‌తో వెనక్కి వచ్చి దిగడం సాధ్యమయ్యే పనే. కానీ కెప్టెన్ తొందరలో సవ్యంగా పనిచేస్తున్న ఎడమ ఇంజిన్‌ శక్తిని తగ్గించి, చివరకు దాన్ని ఆపేశారు. తప్పు తెలుసుకునేసరికి ఎత్తు మిగల్లేదు. అలాంటి అత్యవసర సమయాల్లో ఆయన తడబడతారన్న సంగతి అంతకుముందు జరిగిన పరీక్షల్లోనే నమోదై ఉంది. 2023 జనవరి 15న నేపాల్‌లోని పొఖరాలో ఇంజిన్లు రెండూ బాగానే ఉన్నాయి. ల్యాండింగ్‌కు ముందు రెక్కల వెనక పలకలను (ఫ్లాప్స్) దించే లీవర్‌కు బదులు ఇంజిన్ల ప్రొపెల్లర్లను అదుపు చేసే కండిషన్ లీవర్లను వెనక్కి లాగడంతో రెండు ప్రొపెల్లర్లూ ఫెదర్ అయ్యాయని నివేదిక నిర్ధారించింది. అయిదుగురు భారతీయులతో సహా 72 మంది మరణించారు. ఆ విమానాశ్రయం ప్రారంభమై అప్పటికి రెండు వారాలే. కొత్త రన్‌వేకు, కొత్త మలుపుతో, సిబ్బందిపై పనిభారం పెరిగిన స్థితిలో దిగే ప్రయత్నం అది.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరో జంట ప్రమాదాలు. నేల మీద వేగం తగ్గించేందుకు మాత్రమే వాడాల్సిన బ్లేడ్ల కోణంలోకి గాలిలో ఉండగానే వెళ్లకుండా ఫోకర్-50 అనే ప్రొపెల్లర్ విమానంలో అడ్డుకట్టలు ఉండేవి. 2002 నవంబరు 6న లక్సెంబర్గ్‌లో అవి విఫలమై 20 మంది చనిపోయారు. ఆ లోపాన్ని సరిచేసే మార్పును తయారీదారు అంతకుముందే సూచించినా, దాన్ని తప్పనిసరి చేయలేదు. పదిహేను నెలలు గడిచాక, 2004 ఫిబ్రవరి 10న షార్జాలో అదే రకం విమానం అదే తీరున కూలి 43 మంది బలయ్యారు. మొదటి ప్రమాదానికి పైలట్ల పొరపాటే కారణమని సరిపెట్టుకోవచ్చేమో కానీ, రెండోదానికి ఆ సమాధానం చాలదు. హెచ్చరిక అందిన తరువాత కూడా మార్పు సకాలంలో అమలయ్యేలా చూడని వ్యవస్థ బాధ్యత వహించాలి.

అలసట సంగతి చూద్దాం. 2009 ఫిబ్రవరి 12న అమెరికాలోని బఫెలో దగ్గర క్యూ-400 ప్రొపెల్లర్ విమానం వేగం తగ్గి, రెక్కలు విమానాన్ని నిలబెట్టే బలం కోల్పోతాయన్న స్టాల్ హెచ్చరిక వచ్చినప్పుడు, ముక్కును దించాల్సిన కెప్టెన్ పైకి లాగారు. యాభై మంది మరణించిన ఆ ఘటన తరువాతే అక్కడ పైలట్ల అనుభవం, విశ్రాంతి నిబంధనలు కఠినమయ్యాయి. చిన్న దూరాల విమానాలు నడిపేవారు రోజుకు పలుమార్లు టేకాఫ్, ల్యాండింగ్ చేస్తారు. అంటే అతి ప్రమాదకరమైన నిమిషాలు వారికే ఎక్కువసార్లు ఎదురవుతాయి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2025 జూలై నుంచి పైలట్ల వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచడం సరైన నిర్ణయం. ఆ ఏడాది డిసెంబరులో సర్వీసులు పెద్దఎత్తున రద్దయినప్పుడు కొత్త నిబంధనల్లో కొన్నింటిని సడలించడం మాత్రం ప్రయాణికుల భద్రత దృష్ట్యా సమర్థనీయం కాదు.

వాతావరణం విషయంలో కోస్తా ప్రాంతానికి ప్రత్యేకత ఉంది. రెక్కలపై మంచు పేరుకోవడం చలిదేశాల బెడద అనుకుంటాం గానీ, మన ఆకాశంలోనూ సుమారు 16 వేల అడుగులు దాటితే ఉష్ణోగ్రత సున్నాకు చేరుతుంది. గరిష్ఠంగా 25 వేల అడుగుల వరకే ఎగిరే ఏటీఆర్, జెట్‌ల మాదిరిగా మేఘాల మీదుగా దాటిపోలేదు. తుపాను కాలంలో దట్టమైన మేఘాల్లోనే వెళ్లాల్సిరావచ్చు. మే నెల మధ్యాహ్నాల్లో వేడికి గాలి పలచబడి ఇంజిన్ శక్తి తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే ఒక ఇంజిన్ ఆగితే మిగిలినదానికి పరీక్షే. జనవరి ఉదయాల పొగమంచు సరేసరి.

గన్నవరంలో రన్‌వే పొడవు సమస్య కాదు. 3,360 మీటర్ల రన్‌వే మీద, సుమారు 1,300 మీటర్లతో గాలిలోకి లేవగల ఏటీఆర్‌కు కావలసినంత చోటుంది. ఆందోళన కంచె బయట ఉంది. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల పరిధిలో చెత్త పారబోయడాన్ని, జంతువధను విమాన నియమావళిలోని 91వ నిబంధన నిషేధించింది. మాంసం వ్యర్థాలు పడ్డచోటికి గద్దలు చేరతాయి, నీరు నిలిచిన చోటికి కొంగలు వస్తాయి. తూర్పున కొల్లేరు, చుట్టూ చెరువులు, వరిపొలాలు ఉన్న నేలలో పక్షులను పూర్తిగా తరమడం సాధ్యం కాదు, అది కోరాల్సిన పనీ కాదు. చెత్తను అదుపు చేయడం మాత్రం పంచాయతీలకు, నగరపాలక సంస్థకు పూర్తిగా సాధ్యం. విమానాశ్రయ పరిసరాలను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 2015 డిసెంబరులో జబల్‌పూర్ చూపింది. రన్‌వే మీదికి వచ్చిన అడవిపందులను ఢీకొని క్యూ-400 పక్కకు జారిపోయింది. అందరూ బతికి బయటపడటం అదృష్టం.

శిక్షణ విమానాలు వేరే కోవలోకి వస్తాయి. 2022 ఫిబ్రవరిలో నాగార్జునసాగర్ నుంచి బయలుదేరిన సెస్నా నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో కూలి, ఒంటరిగా నడుపుతున్న యువ శిక్షణార్థి మరణించింది. ఒకే ఇంజిన్, ఒకే మనిషి ఉన్న ఆ ప్రమాదాన్ని ప్రయాణికుల విమానాల లెక్కలో కలిపితే రెండింటి కారణాలూ మసకబారతాయి.

కడప–హైదరాబాద్ మార్గంలో 2017 ఏప్రిల్ 27న కేంద్రం తెచ్చిన ప్రాంతీయ విమాన పథకం ఉడాన్ కింద సర్వీసు మొదలైనప్పుడు ఎగిరింది ప్రొపెల్లర్ విమానమే. చిన్న పట్టణాలకు ఇప్పటికీ ఇవే దిక్కు కనుక వీటిని వద్దనడం పరిష్కారం కాదు. గన్నవరం విమానాశ్రయ పరిసరాల నిర్వహణ కమిటీ ఎప్పుడెప్పుడు సమావేశమైందో, 10 కిలోమీటర్ల పరిధిలో ఎన్ని చెత్త కుప్పలను తొలగించిందో, ఎన్ని పక్షి తాకిడి ఘటనలు నమోదయ్యాయో జిల్లా యంత్రాంగం ప్రతి మూడు నెలలకూ ప్రకటించాలి. ఇక్కడికి ఏటీఆర్‌లు నడిపే సంస్థలు తమ పైలట్లకు ఒక ఇంజిన్ ఆగిన స్థితిలో టేకాఫ్ సాధన సిమ్యులేటర్‌పై ఎంత తరచుగా చేయిస్తున్నాయో డీజీసీఏ అదే తీరున వెల్లడించాలి.