గోల్ గుంబజ్ వారి సముఖానికి పాలమూరు విన్నపం

కర్ణాటకలోని విజయపుర (పాత బీజాపూరు) నివాసులు, ఆ ఊరిని ఏలిన ఆదిల్‌షాహీ సుల్తానుల వంశానికి పెద్దదిక్కు, సుల్తాను గారి గోరీ, మహారాజరాజశ్రీ గోల్ గుంబజ్ వారి సముఖానికి, ఉమ్మడి పాలమూరు జిల్లా కృష్ణా తీరం నుంచి ఒక సామాన్యుడు చేసుకునే విన్నపములు. ఉభయకుశలోపరి.

మనం మరీ పరాయివాళ్లం కాము. మీకు ఉత్తరాన పారే భీమా, దక్షిణాన పారే కృష్ణా కలుసుకునేది మా తంగడి దగ్గరే కాబట్టి, మీ వైపు కురిసిన వానలో మిగిలినది ఏదైనా ఉంటే మా ఇంటి ముందు నుంచే పోవాలి. (మిగలడం, మిగలకపోవడం ఎగువన కృష్ణ మీద కర్ణాటక కట్టిన ఆల్మట్టి ఆనకట్ట గేట్ల దయ; ఆ సంగతి ఇక్కడ ఎత్తితే ఈ ఉత్తరం మీ దాకా రాదు.) పైగా మా బడిపిల్లలు విహారయాత్ర పేరుతో రాయచూరు మీదుగా మీ దగ్గరికి వచ్చి, మీ కడుపులో నిలబడి గొంతు చించుకుని తమ పేర్లు తామే అరుచుకుని, ఆ పేర్లు పైనుంచి మళ్లీ మళ్లీ రాలిపడుతుంటే మురిసిపోయి తిరిగి వస్తుంటారు. తన పేరు తానే అరుచుకుని మురిసిపోయే అలవాటు ఆ ఇంటి యజమానిదే కనుక, పిల్లలను తప్పు పట్టలేము.

ఆ యజమాని సంగతికే వద్దాం. మహమ్మద్ ఆదిల్‌షా 1627లో గద్దె ఎక్కాడు, 1656లో కాలం చేశాడు. ఏలుబడి తొలినాళ్లలోనే తన గోరీ పని మొదలుపెట్టించాడని చరిత్రకారులు అంటారు. మనిషన్నవాడు బతకడానికి ఇల్లు కట్టుకోవడానికే అప్పు కోసం పది గడపలు తొక్కే లోకంలో, చచ్చాక ఉండే ఇంటికి ఇంత ముందుగా పునాది తీసిన దూరదృష్టిని మెచ్చుకోవలసిందే. ఆ దూరదృష్టి మిగతా శాఖలకు పాకలేదన్నదే చిక్కు. 1636లో షాజహాన్‌తో ఒప్పందం చేసుకుని, మొగలు పెత్తనానికి తల ఒగ్గి, 20 లక్షల రూపాయలు చెల్లించడానికి ఒప్పుకున్నాడు. మీ గోడలు పైకి లేస్తున్న రోజుల్లోనే, తన కొలువులోనే ఉన్న షాహజీ కొడుకు శివాజీ పశ్చిమ కనుమల్లో ఒక్కొక్క కోటనే జేబులో వేసుకోవడం మొదలుపెట్టాడు. కోటలు పోతున్నా గోరీ పని మాత్రం ఆగలేదు. ఆయన రాజ్యంలో గడువు మీద శ్రద్ధ పెట్టిన పని ఏదైనా ఉందంటే అది మీరే, అదీ చివరికి ముగియలేదు; ఆయన పోయే నాటికి పూత పనులు మిగిలే ఉన్నాయని చెబుతారు.

ఇంతకీ ఈ పోటీ ఎవరితో అంటే కన్నతండ్రితోనే. ఊరికి పడమట ఇబ్రహీం రౌజా అనే ఆయన సమాధి ఉంది. రెండో ఇబ్రహీం తన భార్య తాజ్ సుల్తానా కోసం కట్టించబోయి, చివరికి తానూ అందులోనే చేరాడు. రాతిని కత్తిరింపు కాగితంలా చెక్కిన ఆ నగిషీని దాటడం సాధ్యం కాదని గ్రహించిన కొడుకు, పనితనంలో ఓడినా కొలతలో గెలుద్దామనుకున్నాడు. (మా వైపు పెళ్లిళ్లు ఇప్పుడు ఈ సూత్రం మీదే జరుగుతున్నాయి.) ఆయన కొడుకు రెండో అలీ ఆదిల్‌షా తండ్రినీ మించిపోదామని బారా కమాన్ అనే తన గోరీ మొదలుపెట్టాడు. అది పూర్తయితే దాని నీడ మీ మీద పడేదని మీ ఊళ్లో కథగా చెప్పుకుంటారు. 1672లో అలీ పోయాడు. ఆకాశానికి చేతులు చాచిన కమానులు మాత్రం నేటికీ కప్పు కోసం ఎదురుచూస్తున్నాయి. ఇలా మూడు తరాలు ఎవరి గోరీ వారు కట్టుకుంటూ ఉండగా, నాలుగో తరంలో, 1686లో, ఔరంగజేబు వచ్చి ఏకంగా రాజ్యానికే గోరీ కట్టేశాడు. ఆ పని చేసిన పెద్దమనిషి తాను మాత్రం ఖుల్దాబాదులో కప్పు లేని మట్టి సమాధి చాలన్నాడు. దక్కనులో ఎవరికి ఎంత గోరీ ఉందన్న లెక్కతో ఎవరు ఎవరిని గెలిచారో చెప్పడం ఎంత కష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది.

మీ పనితనాన్ని తక్కువ చేస్తున్నానని అనుకోకండి. దాబూల్ నుంచి వచ్చిన యాకూత్ అనే వాస్తుశిల్పి పేరు మీతో ముడిపడి ఉంది. ఆయన బుర్రకు వంద నమస్కారాలు. బయట కొలిస్తే ఒక్కో పక్క సుమారు 47 మీటర్లు ఉన్న నలుచదరపు నల్లరాతి దిమ్మ మీద, లోపలి వ్యాసం సుమారు 38 మీటర్లు ఉన్న గుండ్రటి గుమ్మటాన్ని కూర్చోబెట్టాలి. మధ్యలో ఒక్క స్తంభం ఉండకూడదు. చదరానికీ వలయానికీ పొత్తు కుదరదు, మూలలు నాలుగూ ఖాళీగా నోరు తెరుచుకుంటాయి. అందుకని ఆయన ఒకదాని మీద ఒకటి వాటంగా తిప్పిపెట్టిన రెండు చదరాల గీతల వెంట ఎనిమిది పెద్ద కమానులు లేపి, అవి ఒకదాన్నొకటి కోసుకుంటూ పైకి పోయేకొద్దీ లోపలికి వాలేలా కట్టించాడు. తల ఎత్తి చూస్తే, కింద నాలుగు గోడలుగా మొదలైన గది మధ్యలో నక్షత్రమై, ఆ నక్షత్రం కొసలు కలుసుకున్న చోట వలయమై, ఆ వలయం మీద గుమ్మటం లేస్తుంది. గుమ్మటం బరువు గోడలను బయటికి నెడుతుంది, లోపలికి వాలిన కమానుల బరువు వాటిని లోపలికి లాగుతుంది. ఈ రెండు పంతాల మధ్య గోడలు ఎటూ కదలలేక మూడున్నర శతాబ్దాలకు పైగా నిలబడిపోయాయి. నాలుగు మూలలా ఏడేసి అంతస్తుల మినార్లు, వాటిలో ఇరుకు మెట్లు, ఆ మెట్ల మీద ఆయాసపడుతూ ఎక్కే మా వాళ్లు. గుమ్మటం అడుగున చుట్టూ చెక్కిన తామరరేకుల దాకా చేరేసరికి, సుల్తాను గారి కీర్తి కంటే మంచినీళ్ల సీసా ఎక్కువగా గుర్తొస్తుంది.

మీ గైడ్లు రోములోని సెయింట్ పీటర్స్ చర్చి తర్వాత మీరే ప్రపంచంలో రెండో అతిపెద్ద గుమ్మటమని చెబుతారు. మీకంటే 1,500 ఏళ్లు పెద్దదైన అదే రోములోని పాత గుడి పాంథియాన్ గుమ్మటం లోపలి వ్యాసం 43 మీటర్లు దాటుతుందని వారికి ఎవరూ చెప్పినట్టు లేదు. అయినా మా వైపు కూడా ప్రతి ఊరి చెరువూ ఆసియాలో రెండోదే కనుక, ఈ లెక్క మీద మనిద్దరం పోట్లాడుకోవడం మంచిది కాదు. మీ నర్తకి రంభ తన ప్రేమను రుజువు చేయడానికి పైనుంచి దూకిందన్న కథనూ అదే గైడ్లు అదే గొంతుతో చెబుతారు. ఆమె గోరీ సుల్తాను పక్కనే ఉందన్నది మాత్రం నిజం.

ఇక మీ పేరు మోగించిన ఆ గుసగుసల గ్యాలరీ. గోడకు నోరు ఆనించి మెల్లగా అన్న మాట అవతలి దరిన చెవి పెట్టినవాడికి వినబడుతుంది. చప్పట్లు కొడితే కనీసం ఏడు సార్లు తిరిగి వస్తాయి. ఈ విద్య మా పాలకులు మీ దగ్గరే నేర్చుకున్నారని నా అనుమానం. మా ఊళ్లలో నీళ్లు కావాలని అరిస్తే, నీళ్లు కావాలని సర్పంచ్ అంటాడు, నీళ్లు కావాలని ఎమ్మెల్యే అంటాడు, నీళ్లు కావాలని మంత్రి మైకు పట్టుకుని మాకంటే గట్టిగా అంటాడు. మా మాటే మాకు ఇంత స్పష్టంగా వినబడుతుంటే ఆ ఆనందంలో బిందె ఖాళీగా ఉందన్న సంగతే మరిచిపోతాము. ఏడో గొంతు సన్నగిల్లేసరికి ఎన్నికలు వస్తాయి.

మీ దగ్గర వారు నేర్చిన విద్య మరొకటి ఉంది. హాలు మధ్యలో అరుగు మీద, చెక్క పందిరి కింద కనిపించే గోరీలు చూపుకోసం పెట్టినవి; అసలు సమాధులు కింద నేలమాళిగలో ఉన్నాయి. అంటే పైన చూసి దండం పెట్టుకోవడానికి ఒకటి, కింద నిజం ఒకటి. మా వాళ్లు దీన్ని ఇంకా చౌకగా చేశారు: పైన శిలాఫలకం పెడతారు, కింద నేలమాళిగ కూడా ఉండదు. దేశంలోని ఆనకట్టలకు గుంపు మేస్త్రీ వెంట పోయి మట్టి మోసిన పాలమూరు జనానికి ఈ రాతి శాస్త్రం అనుభవపూర్వకంగా తెలుసు. రాయి ఎత్తినవాడి పేరు రాతి మీదికి ఎక్కదు, రాతి మీది గుడ్డ లాగినవాడి పేరు ఎక్కుతుంది.

అందుకే మిమ్మల్ని చూసినప్పుడల్లా ఒక్క మాట అడగాలనిపిస్తుంది. గొప్పవాడు కనుక పెద్ద గోరీ వచ్చిందా, పెద్ద గోరీ ఉంది కనుక గొప్పవాడయ్యాడా? మీరు లేకపోతే మహమ్మద్ ఆదిల్‌షా పాఠ్యపుస్తకంలో అతని తండ్రికీ శివాజీకీ మధ్య ఒక పంక్తి. మా వాళ్లకు మీ గుట్టు తెలిసిపోయింది కాబట్టే, పని చేసి పేరు తెచ్చుకోవడం కంటే కూడలిలో విగ్రహానికి దిమ్మె కట్టించుకోవడం సులువని నిర్ణయించుకున్నారు.

చివరిగా అసలు విన్నపం. దక్కను సుల్తానుల కట్టడాలతో కలిపి మీరు ప్రపంచ వారసత్వ గుర్తింపు కోసం 2014 నుంచి యునెస్కో తాత్కాలిక జాబితాలో కూర్చుని ఉన్నారు. 2025లో మా నారాయణపేట జిల్లా ముడుమాలు నిలువురాళ్లు కూడా అదే జాబితాలో చేరాయి. మనిషికి రెండింతల ఎత్తున్న ఆ రాళ్లను నిలబెట్టింది ఎవరో, ఎవరి జ్ఞాపకానికో ఎక్కడా రాసి లేదు. కమాను లేదు, గుమ్మటం లేదు, గైడు లేడు. మా రైతులు వాటి పక్కన పంట వేసుకుంటారు, వాటిలో ఒక రాయిని ఎల్లమ్మ అని మొక్కుతారు. మీకంటే వేల ఏళ్లు పెద్దవైనా పేరూ ఊరూ లేని ఆ రాళ్లు వరుసలో మీ వెనుక నిలబడ్డాయి. పెద్దవారు, రాజు ఇంటి బిడ్డలు, ముందు మీరే పోండి. మా వాటికి తొందర లేదు, వాటి మీద ఎవరి పేరూ లేదు కనుక ఎవరి పరువూ పోదు. లోపలికి పోయాక మాత్రం తలుపు మూయకండి.

ఈ ఉత్తరానికి జవాబు రాయవలసిన పని లేదు. రాయదలిస్తే ఒక్కసారి రాస్తే చాలు, ఏడు సార్లు వద్దు.

ఇట్లు,
విధేయుడు,
పాలమూరు వాస్తవ్యుడు