వరదొస్తే పులిహోరే

వరదలో ఏవేవో కొట్టుకొస్తాయి. వరద సాయంలో మాత్రం పులిహోరే వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు పడవలు, ట్రాక్టర్లు సరిపోక ఆహార పొట్లాలను డ్రోన్లకు కూడా కట్టి పంపారు. రవాణా అంతగా ఎదిగింది గానీ, పొట్లం విప్పితే పసుపు రంగు మారదు.

అలాగని చేసేవాళ్లను తప్పుపట్టలేం. చింతపండు, ఉప్పు, నూనె పడ్డ అన్నం పొద్దున కలిపితే సాయంత్రం దాకా ఆగుతుంది. పక్కన కూర అక్కర్లేదు. పెరుగన్నమైతే మధ్యాహ్నానికే పులిసిపోతుంది, సాంబారు కవరు రబ్బరు బ్యాండు తెంపుకుని పడవలోనే దిగిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే అపార్ట్‌మెంటు సంఘం, గుడి కమిటీ, యువజన సంఘం, పూర్వ విద్యార్థులు, లారీ ఓనర్లు ఎవరికి వారు ఒకే రాత్రి కూర్చుని ఇదే తీర్మానానికి వస్తారు.

పాతిక కిలోల బస్తాకి రెండున్నర కిలోల చింతపండు, రెండున్నర లీటర్ల నూనె, కిలో ఉప్పు. మూడొందల గ్రాముల పొట్లాలు కడితే రెండొందల పైచిలుకు వస్తాయి. లెక్క ఇంత సులువే. కానీ గుండిగ చుట్టూ పదిమంది పెద్దవాళ్లుంటారు. పులుసు ఉడుకుతుండగా ఒకాయన ఉప్పు వేస్తాడు. ఆయనకి ఫోను వస్తే పక్కకెళ్తాడు. ఇంకొకావిడ వచ్చి, ‘ఉప్పు వేశారా అన్నయ్యా?’ అని ఎవరూ లేని కుర్చీని అడిగి, తనే వేసేస్తుంది. విరుగుడు ఒక్కటే. ఇంకో బస్తా అన్నం వార్చి అందులో కలపడం. సహాయ కార్యక్రమాల్లో పొట్లాల సంఖ్య అనుకున్నదానికి రెట్టింపు అయిందని విన్నప్పుడల్లా, దాతల ఔదార్యంతో పాటు ఈ కోణం కూడా చూడాలి.

ఆలస్యమైందని వేడి అన్నాన్నే కవర్లలో కట్టడం తర్వాతి ఘట్టం. అన్నాన్ని శుభ్రమైన గుడ్డ మీద పరిచి, పసుపు, కాస్త నూనె కలిపి, పూర్తిగా ఆరాకే పులుసు పట్టించాలి. లేకపోతే లోపలి ఆవిరి నీరై కారి, ఎన్ని పాళ్లు చింతపండు వేసినా మధ్యాహ్నానికి వాసన కొడుతుంది. ఇది చెప్పే మనిషి ప్రతిచోటా ఒకరుంటారు. ఆయన్ని అప్పటికే రబ్బరు బ్యాండ్లు తెమ్మని బజారుకి పంపేసి ఉంటారు.

ఇక పంపకం. నీళ్లు మొదలయ్యే చోట అయిదు సంఘాల ట్రాలీ ఆటోలూ ఆగుతాయి. సందు మొదటి ఇంటికి అయిదు సంఘాల పులిహోరా అందుతుంది. చివరి ఇంటికి ఒక్కటీ అందదు, ఎందుకంటే అక్కడ నీళ్లు నడుములోతు. ఏ మేడ మీద ఎంతమంది ఉన్నారో, పసిబిడ్డ ఎవరింట్లో ఉందో పాలు పోసే కుర్రాడికి, కేబుల్ అబ్బాయికి నోటికొచ్చు. వాళ్లనెవరూ అడగరు. గట్టు మీద నిలబడి ఫ్లెక్సీ పట్టుకోమంటారు.

రెండో అంతస్తు నుంచి ఒక మామ్మగారు తాడు కట్టి బకెట్టు దించుతుంది. పొట్లాలు వేద్దామని వంగిన కుర్రాళ్లకు అందులో ముందే నాలుగు పొట్లాలు కనిపిస్తాయి. ‘అవి మీకే నాయనా, పొద్దుట్నుంచీ నీళ్లల్లో తిరుగుతున్నారు, తినండి. నాకు అగ్గిపెట్టె, బీపీ మాత్రలు, తాగే నీళ్లు కావాలి. పొడి తువ్వాలుంటే మరీ మంచిది’ అంటుంది. పక్కింట్లోంచి పాలడబ్బా అని, ఎదురింట్లోంచి శానిటరీ న్యాప్‌కిన్లని కేకలు. పడవలో ఉన్నవి పొట్లాలే.

రాత్రికి జ్ఞానోదయమై అయిదు సంఘాలూ ఒకే వాట్సాప్ గ్రూపులోకి చేరతాయి. సందుల జాబితా కేబుల్ అబ్బాయి రాస్తాడు. తాగునీళ్లు గుడి కమిటీవి, మందులు పూర్వ విద్యార్థులవి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు ప్లాస్టిక్ కవర్లో చుట్టి తేవడం యువజన సంఘం వంతు, పాలపొడీ న్యాప్‌కిన్లూ లారీ ఓనర్లవి. వంట ఒక్క అపార్ట్‌మెంటు సంఘానిదే. అందరూ చప్పట్ల బొమ్మలు పెడతారు. పొద్దున్నుంచీ ఒకటే తిని జనానికి మొహం మొత్తిందని ఎవరో గుర్తుచేస్తే, అపార్ట్‌మెంటు కార్యదర్శి కాసేపు ఆలోచించి ప్రకటిస్తాడు:

‘సరే, రేపు చింతపండు వద్దు. నిమ్మకాయ పులిహోర చేద్దాం.’