గారె వేసిన చేత్తోనే సంతకమా?

ఇక్కడ టెక్సాస్‌లో మన తెలుగు సంఘం పెట్టిన ఈసారి కార్తీక వనభోజనాలకు రానివాళ్ళు కూడా మన వాట్సాప్ గుంపులో తిరిగిన ఆ వీడియో చూసే ఉంటారు. ఎప్పటిలాగే కుండీలో తెచ్చిన ఉసిరి మొక్క దగ్గర దీపం పెట్టి, పెద్దవాళ్ళ పంక్తి లేచి, పిల్లల పంక్తికి వడ్డిస్తుండగా వాగు వైపు పొదల్లోంచి ఒక కయోటీ బయటికి వచ్చింది. అమెరికాలో తిరిగే చిన్నపాటి తోడేలు లాంటి జంతువు, బూడిద రంగు, సన్నని కాళ్ళు, మనలో చాలామందికి నక్కే. "నక్కను తొక్కి వచ్చాం ఇవాళ" అని ఎవరో అన్నారు, అందరం నవ్వాం. అక్కడితో ఆగి ఉంటే నేను ఈ వ్యాసం రాసేదాన్ని కాదు. ఒకాయన గారె విసిరాడు. అది రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ ముందుకు వచ్చి, గారెను అక్కడే నిలబడి తింది. తర్వాత పూర్ణం విసిరారు. ఆ తర్వాత పులిహోర మిగిలిన విస్తరి తీసుకువెళ్ళి పొదల ముందు పెట్టి వచ్చారు. పిల్లలను ముందుకు నెట్టి ఫొటోలు తీశారు. వద్దని ఒకరిద్దరం అన్నాం గానీ, పండగ పూట చాదస్తం ఎందుకన్నట్టు చూశారు.

రెండు వారాలు తిరగకుండానే అదే వాట్సాప్ గుంపులో ఒక కాగితం వచ్చింది. మన సంఘం లెటర్‌హెడ్ మీద నగర మండలికి విన్నపం. పార్కు పక్క కాలనీల్లో కయోటీలు మనుషులంటే బెదురు లేకుండా తిరుగుతున్నాయి కాబట్టి వాటిని వెంటనే ఏరివేయాలని దాని సారాంశం. మొదటి పేజీ సంతకాల్లో గారె వేసినాయనదీ ఉంది. బెదురు ఎలా పోయిందో ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు. సర్వసభ్య సమావేశంలో చర్చించకుండా సంఘం పేరు ఎలా వాడారన్నది వేరే గొడవ, దాన్ని ఇక్కడ ఎత్తను.

సంతకాలు చేసినవాళ్ళ భయం ఉత్తుత్తిదని నేను అనడం లేదు. 2018 చివరలో డాలస్ శివారు ఫ్రిస్కోలో ఎల్డొరాడో పార్క్‌వే ప్రాంతంలో కయోటీలు మనుషుల మీద పడ్డ సంగతి ఇక్కడ పాతబడ్డవాళ్ళకు గుర్తుంటుంది. పొద్దున్నే పరుగుకు వెళ్ళే మన ఆడపిల్లలు ఆ చలికాలమంతా ఇంట్లోనే ఉన్నారు. 2022 మేలో డాలస్‌లో, వైట్ రాక్ చెరువుకు దగ్గర్లో, ఇంటి వరండాలో ఉన్న రెండేళ్ళ పిల్లవాణ్ణి కయోటీ కరిచింది. పిల్లవాడు బతికాడు గానీ బాగా గాయపడ్డాడు. ఆ తర్వాత అధికారులు ఆరా తీస్తే బయటపడింది ఏమిటంటే, ఆ చుట్టుపక్కల వాళ్ళు ఆ జంతువుకు చేత్తో తిండి పెట్టి, నిమిరి, మచ్చిక చేసుకున్నారు. తిండి పెట్టినవాళ్ళు ఒకరు, ఆసుపత్రికి పరుగెత్తినవాళ్ళు మరొకరు. మన పార్కులోనూ రేపు జరగబోయేది అదే. గారె వేసినాయన ఇల్లు పార్కుకు చాలా దూరం. ఆ కయోటీ వెళ్ళి నిలబడేది వాగు వెనక ఇళ్ళల్లో, పసిపిల్లలున్న పెరళ్ళలో.

అలాంటి పెరడే మాది కూడా. మా అమ్మ వచ్చినప్పుడల్లా ఆ పెరట్లో ఒక పేచీ నడుస్తుంది. అమ్మ రోజూ వంట కాగానే మొదటి ముద్ద బయట గట్టు మీద పెడుతుంది. "కాకి ముట్టకుండా నేను ముద్ద ఎలా ఎత్తుతానే?" అంటుంది. ఇక్కడ కాకుల కంటే నల్లగా మెరిసే గ్రాకిల్ పిట్టలే ఎక్కువ. వాటినే కాకులనుకుని సర్దుకుపోయింది. నాన్న తద్దినం నాడైతే గట్టు మీద ముద్దలు వరుసగా ఉంటాయి. పిట్టలు తినగా మిగిలింది రాత్రి రకూన్లనే చిన్న అడవి జంతువులకు, ఎలుకలకు. ఎలుకలున్న చోటికి పాములూ కయోటీలూ వస్తాయి. నేను చెప్పి చూశాను, మా ఆయన చెప్పి చూశాడు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళు కాగితం పంపారు. అమ్మ వినలేదు. ఎందుకు వినాలి? ఆవిడకు అది జంతువులకు తిండి పెట్టడం కాదు, పోయినవాళ్ళతో కలిసి భోంచేయడం.

ఒకరోజు తెల్లవారుజామున గడ్డి కోసేవాళ్ళు సరిగా వేయని పక్క గేటు లోంచి కయోటీ లోపలికి వచ్చింది. అమ్మ స్టీలు పళ్ళెంలో నిన్నటి అన్నంతో పెరట్లో ఉంది. మధ్యలో సొరపాదు పందిరి ఒక్కటే అడ్డం. కిటికీలోంచి చూసి మా అబ్బాయి "అమ్మమ్మా, లోపలికి పరుగెత్తు!" అని అరిచాడు. అమ్మ కదలలేదు. పళ్ళెంలో అన్నం పక్కనున్న బకెట్లోకి దులిపేసింది. పందిరి గుంజకు తగిలించి ఉన్న పాత ఇనుప గరిటె తీసి పళ్ళెం మీద కొట్టడం మొదలుపెట్టింది. "హుష్! పో! పోతావా, రానా?" అంటూ ఒక అడుగు ముందుకు వేసింది. అది తల వంచి చూసింది. అమ్మ కొంగు విప్పి రెండు చేతులతో పైకెత్తి మరో అడుగు వేసింది. అయిదడుగులు కూడా లేని మనిషి ఆ క్షణంలో గుమ్మమంత వెడల్పున కనిపించింది. కయోటీ వెనక్కి తిరిగి, గేటు దాటాక ఒకసారి ఆగి చూసి, సందులోకి వెళ్ళిపోయింది. అది కనుమరుగయ్యేదాకా అమ్మ వీపు తిప్పలేదు. తర్వాత మా అందరికీ చివాట్లు. "పరుగెత్తితే వీధికుక్క కూడా తరుముతుంది. అంత చదువులు చదివారు, ఆ మాత్రం తెలియదా?"

తర్వాత నగర జంతు విభాగం వాళ్ళు ఇంటింటికీ పంచిన కరపత్రం చూశాను. పరుగెత్తవద్దు, వీపు చూపవద్దు, చేతులెత్తి పెద్దగా కనిపించండి, గట్టిగా అరవండి, గిన్నెలు మోగించండి, అది పూర్తిగా వెళ్ళేదాకా ఆపవద్దు. కొంగు సంగతి తప్ప అన్నీ అమ్మ చేసినవే.

అమ్మది ఉద్దానం. పలాస దాటి సముద్రం వైపు, జీడితోటలు, పనసలు, కొబ్బరి. జీడిపండ్ల కాలంలో, పనస పండే రోజుల్లో ఎలుగుబంట్లు తోటల్లోకి దిగుతాయి. తోటకు ఒంటరిగా వెళ్ళవద్దని, వెళ్ళినా నోరు మూసుకుని వెళ్ళవద్దని చిన్నప్పుడు మాకు చెప్పేవాళ్ళు. ఎలుగు ఉలిక్కిపడితే మీద పడుతుంది, మనిషి వస్తున్న చప్పుడు ముందే వింటే తప్పుకుంటుంది. అందుకే అక్కడి ఆడవాళ్ళు తోటలో పని చేస్తున్నంతసేపూ పెద్దగా కబుర్లు చెప్పుకుంటారు, ఖాళీ డబ్బా ఒకటి దగ్గర ఉంచుకుంటారు. దీన్నంతా బంగారు కాలం కథలా చెప్పడం నా ఉద్దేశం కాదు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగుబంటి ఒకరిని చంపింది, మరునాడు ఇంకొందరిని గాయపరిచింది. మత్తు ఇచ్చి పట్టుకుంటే అది కూడా ఆ రోజే చచ్చిపోయింది. ఆ ఊరివాళ్ళ కోపాన్ని నేను టెక్సాస్‌లో కూర్చుని తప్పుపట్టలేను. వాళ్ళ పొలం పోతుంది, మనిషి పోతాడు. మనకు పోయేది గడ్డి మీద నాలుగు బీరపిందెలు.

తిరుమల విషయం కూడా గుర్తుచేసుకోండి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక పసిపాపను చంపాక, దేవస్థానం భక్తులకు చేతికర్రలు ఇచ్చింది. కర్రతో చిరుతను కొడతారా అని మన గుంపుల్లో ఎన్ని హాస్యాలు వచ్చాయో! కర్ర కొట్టడానికి కాదు. చేతిలో కర్రున్న మనిషి నిటారుగా, గుంపుగా, చప్పుడు చేస్తూ నడుస్తాడు. ఆ నవ్వుల్లో ఎవరూ పట్టించుకోని మరో నిర్ణయం ఉంది. దారిలో జంతువులకు తిండి పెట్టడాన్నీ, పెట్టడానికి తిండి అమ్మడాన్నీ అప్పుడే నిషేధించారు. నా దృష్టిలో కర్రల కంటే అదే పెద్ద పని.

"చంపమని మేమెక్కడ అన్నాం, పట్టుకుని దూరంగా వదిలేయమంటున్నాం" అని సంతకం చేసిన ఒక వదినగారు నాతో అన్నారు. మంచి మనసుతోనే అన్నారు. కానీ టెక్సాస్‌లో అది కుదరదు. రేబిస్ కట్టడి నిబంధనల కింద బతికున్న కయోటీని, నక్కను, రకూన్‌ను ఒక చోటి నుంచి మరో చోటికి తరలించకూడదు. ఆ జబ్బును ఆపడానికి 1995 నుంచి దక్షిణ టెక్సాస్‌లో విమానాల మీద నుంచి టీకా మందు పెట్టిన ఎరలు చల్లుతున్న రాష్ట్రం ఇది. కాబట్టి బోనులో పడ్డ కయోటీకి ఊరు మారడం ఉండదు, చావే. పోనీ, చంపితే తగ్గుతాయా? ఈ దేశంలో ఒక్క కేంద్ర ప్రభుత్వ సిబ్బందే ఏటా 50 వేలకు పైగా కయోటీలను చంపుతున్నారు. అయినా ఒక్క హవాయి తప్ప అది లేని రాష్ట్రం లేదు. ఒక జంట కాపు కాసే చోటు ఖాళీ అయితే తిండి వాసన పట్టి మరో జంట దిగుతుంది. ఆ వాసన మన చెత్తడబ్బాలదైనప్పుడు నగర మండలి ఏం చేస్తుంది?

అసలు అవి తినేది మన పిల్లలను, కుక్కలను కాదు. షికాగో చుట్టుపక్కల 2000లో మొదలైన పరిశోధనలో కయోటీల మలం పరీక్షిస్తే, 42 శాతంలో ఎలుకల వంటి చిన్న జంతువులు, 23 శాతంలో పండ్లు కనిపించాయి. పెంపుడు పిల్లుల ఆనవాళ్ళు ఒక శాతం పైచిలుకు మాత్రమే. ఆ ఒక శాతంలో మీ పిల్లి ఉంటే మీకు అది నూటికి నూరు, తెలుసు. మా వీధిలో ఒకరి చిన్న కుక్క అలాగే పోయింది. చీకటి పడ్డాక మీ కుక్కను ఒంటరిగా పెరట్లోకి వదలడం మానండి, గొలుసు మీ చేతిలో ఉంచుకోండి.

కార్తీకం మాట వచ్చింది కాబట్టి పాముల సంగతి కూడా. మన గుడిలో తెలంగాణవాళ్ళు శ్రావణ పంచమికి, ఆంధ్రవాళ్ళు కార్తీక చవితికి, మొత్తం మీద ఏడాదికి రెండుసార్లు నాగ ప్రతిమకు పాలు పోస్తాం. ఈసారి చవితి జరిగిన వారంలోనే గ్యారేజీ పక్కన పారతో ముక్కలు చేసిన పాము ఫొటో గుంపులో వచ్చింది, కింద శభాష్‌ల వర్షం. అది రాట్ స్నేక్. మన ఊళ్ళలో జెర్రిపోతు చేసే పనే ఇక్కడ అది చేస్తుంది, విషం లేదు. మనకు పామంటే వణుకు ఊరికే పుట్టలేదు. 2000 నుంచి 2019 వరకు ఇండియాలో పాముకాటుతో ఏటా సగటున 58 వేల మంది చనిపోయారని అంచనా, అందులో మన తెలుగు నేల వాటా తక్కువేమీ కాదు. ఇక్కడ దేశం మొత్తం మీద ఏటా చనిపోయేది అయిదుగురు. టెక్సాస్‌లో విషపు పాములు నాలుగే రకాలు: రాటిల్ స్నేక్, కాపర్‌హెడ్, కాటన్‌మౌత్, కోరల్ స్నేక్. వాటి బొమ్మలు ఫ్రిజ్ మీద అంటించుకోవడానికి ఎంతసేపు పడుతుంది? ఏదో తెలియనప్పుడు దూరంగా జరగండి, పిల్లలను లోపలికి పిలవండి, పట్టేవాళ్ళకు ఫోను చేయండి. పార పట్టుకుని దగ్గరకు వెళ్ళేవాణ్ణే పాము కరుస్తుంది. హైదరాబాదులో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాళ్ళకు ఫోను చేసి పాము పట్టించే అలవాటు మన చుట్టాలకే వచ్చింది, మనకు రాలేదు.

ఇక అమ్మ ముద్ద. చాలా పేచీ తర్వాత ఒక ఒప్పందం కుదిరింది. గట్టు మీద కాకుండా పళ్ళెంలో పెడుతుంది, కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుంటుంది, రెండు పిట్టలు ముట్టగానే మిగిలింది లోపలికి తెచ్చేస్తుంది. కాకికి పెట్టినట్టే అయింది, రాత్రి విందు మాత్రం ఆగింది. మహాలయ పక్షాల్లో పిండాలను వాగు గట్టున వదిలి వచ్చేవాళ్ళను కూడా నేను ఇలాగే బతిమాలుకుంటున్నాను. శాస్త్రం మానవద్దు, మిగిలింది అక్కడ వదలవద్దు. పంతులుగారు ఒక మాట చెబితే నాలాంటివాళ్ళు నలభై వ్యాసాలు రాయనక్కర్లేదు.

కార్యవర్గానికి నా విన్నపం చిన్నదే. ఆ కాగితం మీద నుంచి సంఘం పేరు తీసేయండి. భయం ఉన్నవాళ్ళు తమ పేర్లతో పంపుకోవచ్చు, అది వాళ్ళ హక్కు. దాని బదులు నగర జంతు విభాగం నుంచి ఒకరిని మన ఆదివారం తెలుగు బడికి పిలిపించండి. పిల్లలు పళ్ళాలు తెచ్చుకుంటారు, సందడి ఎలాగూ వాళ్ళకు ఇష్టమే. ఇంకొకటి. ఉగాది పిక్నిక్ మళ్ళీ అదే పార్కులో, వాగు పక్క షెల్టరులో అని విన్నాను. కయోటీలు పిల్లలు పెట్టే కాలం సరిగ్గా అదే, పిల్లలున్నప్పుడు అవి మామూలు కంటే దగ్గరగా, మొండిగా ఉంటాయి. ఆట స్థలం పక్కనున్న రెండో షెల్టరు తీసుకోండి, చెత్తబుట్టలకు మూతలు అడగండి, పొద్దు వాలేలోపు మిగిలిన వంటలన్నీ డబ్బాల్లో సర్దేయండి. ఆ షెల్టరుకు అద్దె కొంచెం ఎక్కువట. తేడా మొత్తం నేనిస్తాను, కోశాధికారిగారు ఫోను చేస్తే చాలు.