టెండర్లలో కనిపించని రూల్

నిర్మాణ, కూల్చివేత వ్యర్థాలపై కేంద్రం 2025లో నోటిఫై చేసిన కొత్త నిబంధనలకు అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. 20 వేల చదరపు మీటర్లు, అంతకు మించి కట్టేవాళ్లు ఇకపై తమ శిథిలాలకు లెక్క చెప్పాలి. చెప్పించాల్సిందే. అయితే సర్కారు సొంత పనులకు కొనే కంకర, ఇసుక, ఇటుకల లెక్క ఎవరు చెబుతారు?

ఈ ప్రశ్నకు జవాబు 2016లోనే రాసి ఉంది. ఆ ఏడాది మార్చిలో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వ, మున్సిపల్ కాంట్రాక్టుల్లో 10 నుంచి 20 శాతం దాకా శిథిలాల నుంచి తయారైన సామగ్రినే కొనాలన్నారు. ఆ బాధ్యత రాష్ట్ర ప్రభుత్వాలకు పెట్టారు. బూడిద ఇటుకల సంగతైతే ఇంకా పాతది. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల నిర్మాణాల్లో వాటిని వాడాలని కేంద్రం ఆదేశించింది 1999లో. రూల్స్‌కు కొదవ లేదు. ప్రభుత్వాలే వాటిని తమ టెండర్లలోకి రానివ్వడం లేదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక మామూలు స్కూలు గది ఎస్టిమేట్ తీసి చూడండి. పునాది కింద పరిచే 1:4:8 (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక, ఎనిమిది పాళ్లు కంకర) బెడ్ కాంక్రీట్‌కు 40 ఎంఎం హెచ్‌బీజీ మెటల్ అని ఉంటుంది. అంటే ఎక్కడో కొండను పేల్చి తెచ్చిన నల్లరాయి. భారతీయ ప్రమాణం ఐఎస్ 383 దీని గురించి 2016లోనే తేల్చి చెప్పింది: ఎం15 (కాంక్రీట్ బలాన్ని చెప్పే గ్రేడ్) కన్నా తక్కువ గ్రేడ్ లీన్ కాంక్రీట్‌లో, అంటే సిమెంటు తక్కువ వేసే కాంక్రీట్‌లో, పాత కాంక్రీట్‌ను పగలగొట్టి తీసిన కంకరను నూటికి నూరు శాతం వాడొచ్చు. స్టీలు లేని కాంక్రీట్‌లో 25 శాతం, ఎం25 వరకు ఆర్‌సీసీలో, అంటే స్టీలు వేసే కాంక్రీట్‌లో, 20 శాతం. 1:4:8 బెడ్ ఎం15 అంత బలం అడగని పని. అక్కడ కూడా కొండరాయే ఎందుకు? ఇంజినీర్‌ను అడిగితే ఎస్‌ఎస్‌ఆర్‌లో, అంటే ప్రభుత్వ పనులకు రేట్లు నిర్ణయించే పట్టికలో, అదే ఉందంటారు. ఆ ఎస్‌ఎస్‌ఆర్‌ను సవరించాల్సింది ఎవరు? ప్రభుత్వమే.

నాణ్యత మీద అనుమానం, అతి తక్కువ ధర వేసినవాళ్లకే పని దక్కే ఎల్-1 టెండర్‌లో ధర గిట్టుబాటు, సరఫరా నిలకడ లాంటి అభ్యంతరాలు శాఖల నుంచి వినిపిస్తున్నాయి. పరీక్షలు కఠినంగా పెట్టండి, ఎవరూ కాదనరు. కానీ హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడ ప్లాంట్లు శిథిలాలను పిండి చేసి, కడిగి, ఇసుక, కంకర, పేవర్ టైల్స్ తీస్తున్నాయి. ఊళ్లో అతి పెద్ద కొనుగోలుదారు సర్కారే. ఆ సర్కారు కొనకపోతే ప్రైవేటు బిల్డర్ ఎందుకు కొంటాడు?

మా ఆందోళనంతా ఇదే. రాత్రిపూట చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండితే నీరు చేరే హద్దులో) మట్టి, రాళ్లు దించిన ట్రాక్టర్‌కు జరిమానా వేస్తారు. వేయాలి కూడా. కానీ తన వంతు కొనుగోలు రూల్‌ను పక్కన పెట్టిన శాఖను అడిగేవాళ్లు ఎవరు? ఇది ఇలాగే సాగితే ప్రభుత్వం రూల్ రాస్తే చాలు, పాటించక్కర్లేదన్నది ఆనవాయితీ అవుతుంది. అప్పుడు ఈ కొత్త నిబంధనలను బిల్డర్లు కూడా అలాగే చదువుతారు. వాళ్లను ఏ మొహం పెట్టుకుని నిలదీస్తారు?

వచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌లోనే రీసైకిల్డ్ కంకరకు రేటు పెట్టండి. ఎంత కొన్నారో ప్రతి శాఖ ఏటా వెబ్‌సైట్‌లో పెట్టాలి. రీసైకిల్డ్ సామగ్రి కొనాలన్న షరతు లేని టెండర్ మీద సంతకం చేసిన అధికారి పేరు కూడా దాని పక్కనే ఉండాలి.