ఔటర్ లూప్ నుంచి తెల్ల గుడిగారికి

మేరీలాండ్ రాష్ట్రం, కెన్సింగ్టన్ గుట్టమీద వెలసిన, అమెరికాలో పుట్టిన మోర్మన్ అనే క్రైస్తవ శాఖవారి గుడిగారికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమమేనని నాకు తెలుసు, రోజూ పొద్దున ఎనిమిదింటికి చూస్తూనే ఉన్నా కదా. లారెల్ నుంచి టైసన్స్‌కి ఉద్యోగానికి పోయే మనిషిని. వాషింగ్టన్ చుట్టూ తిరిగే రింగ్ రోడ్డు బెల్ట్‌వే, దాని బయటివైపు దారి ఔటర్ లూప్. జార్జియా ఎవెన్యూ దాటి ఆ వంపు తిరిగితే చాలు, చెట్ల మీంచి లేస్తారు మీరు. ఆరు శిఖరాలు, 288 అడుగుల ఎత్తు, ఒళ్ళంతా అలబామా పాలరాయి, కొసన బూర ఊదుతూ 18 అడుగుల బంగారు దేవదూత మొరోనై. సరిగ్గా అక్కడే అందరి బ్రేకులూ పడతాయి. తిరుమలలో గంటలకొద్దీ కంపార్టుమెంట్లో కూర్చోబెట్టి చివర్న అరక్షణం దర్శనమిస్తారు. మీరు అరగంట దర్శనమిచ్చి అసలు కంపార్టుమెంటులోకే రానివ్వరు.

మీ జాతకం కొంచెం చదివాను. 1962లో మీవాళ్ళు ఇక్కడ 50 ఎకరాలకు పైనే కొన్నారు. 1964లో బెల్ట్‌వే పూర్తయింది. ఔటర్ రింగ్ రోడ్డు రాకముందే చుట్టూ పొలాలు కొని పెట్టుకున్న మా హైదరాబాదు పెద్దమనుషులు గుర్తొచ్చారు. తప్పుపట్టడం లేదు, రోడ్డు ఎటు పోతుందో అప్పటికే ఊరందరికీ తెలుసు. 1968 డిసెంబరులో శంకుస్థాపన, 1974 నవంబరులో ప్రతిష్ఠ. మీ మతానికి ముఖ్యపట్నమైన సాల్ట్ లేక్‌లో ఉన్న మీ పెద్దన్నగారికి, అదే ఆరు శిఖరాల ఆయనకి, 40 ఏళ్ళు పట్టింది. మీరు ఆరేళ్ళలో తయారు.

ఆ పొడుగూ ఆ తెలుపూ చూసి జనానికి ‘విజార్డ్ ఆఫ్ ఆజ్’ సినిమాలో పచ్చల నగరం గుర్తొచ్చింది. ఇక్కడి ఓ క్యాథలిక్ బడి ఆడపిల్లలు కొందరు దినపత్రికలు ఉండలు చుట్టి, బెల్ట్‌వే మీదుగా పోయే రైలు వంతెన కంచెలో అక్షరాలుగా కూరారట: ‘లొంగిపో డొరతీ’. సినిమాలో మంత్రగత్తె, కథానాయిక డొరతీని బెదిరిస్తూ ఆకాశంలో పొగతో రాసే మాట అది. తర్వాత ఎవరో రంగుతోనే రాసేశారు. అధికారులు చెరపడం, ఎవరో మళ్ళీ రాయడం. కోట్ల డాలర్ల పాలరాయి కంటే ఆ పిల్లల పాత పేపర్లే ఈ ఊరివాళ్ళ నోళ్ళలో ఎక్కువ నానాయని చెబితే మీరు నొచ్చుకోకండి.

మా అమ్మ తెనాలి నుంచి వచ్చినప్పుడు, మొదటిసారి మిమ్మల్ని చూసి కారులోనే రెండు చేతులూ జోడించింది.

“ఏ దేవుడిదిరా? ఆపు, ఒక్కసారి దణ్ణం పెట్టుకొచ్చేద్దాం.”

“లోపలికి రానివ్వరమ్మా.”

“ఏం, మడా?”

యాభై ఏళ్ళుగా మీ గురించి ఇక్కడివాళ్ళు రాసిన వ్యాసాలన్నీ కలిపినా ఆ రెండక్షరాల పాటి చెయ్యవు. మడే. ‘రికమెండ్’ అని ఒక చీటీ ఉండాలి. బిషప్పుగారు కూర్చోబెట్టి అడుగుతారు: సంపాదనలో పదో వంతు ఇస్తున్నావా, మందూ పొగాకూ ముట్టడం లేదు కదా, కాఫీ టీలు మానేశావా? కాఫీ దగ్గరే మావాళ్ళు సగం మంది గుమ్మం బయట ఆగిపోతారు. మిగతా సగం పదో వంతు దగ్గర.

2018లో మరమ్మతులకని తలుపులు మూసుకున్నారు. 2022 ఏప్రిల్ నెలాఖరులో, మళ్ళీ ప్రతిష్ఠకి ముందు, మడి సడలించి ఊరందర్నీ లోపలికి పిలిచారు. 1974లోనూ అలాగే పిలిస్తే ఏడున్నర లక్షల మంది వచ్చారట. 48 ఏళ్ళ తర్వాత దొరికిన అవకాశం, అమ్మ ఊరుకుంటుందా! గుమ్మం దగ్గర అలవాటుగా చెప్పులు విప్పబోయింది. ఓ కుర్రాడు పరుగెత్తుకొచ్చి, వద్దు వద్దని ఆవిడ చెప్పులకే తెల్లటి గుడ్డ తొడుగులు వేశాడు. “చెప్పులకి మేజోళ్ళేమిట్రా!” అని ఆ తొడుగుల్ని చూసుకుంటూనే సగం గుడి నడిచింది.

అడుగున బాప్టిజం తొట్టి. దాన్ని పన్నెండు ఎద్దులు వీపుల మీద మోస్తున్నాయి. చనిపోయినవాళ్ళ పేరిట బతికున్నవాళ్ళు అక్కడ మునుగుతారని చెబితే అమ్మ, “పితృకార్యమన్న మాట” అని తేల్చేసి, ఒక్కో ఎద్దు మొహం వంగి చూసింది. ఏ ఎద్దు మెళ్ళోనూ గంట లేదని ఆవిడ వెలితి. పైన పెళ్ళి గదిలో ఎదురెదురు గోడలకి నిలువుటద్దాలు. మధ్యలో నిలబడితే మనం అంతులేకుండా కనిపిస్తాం, బంధం ఎప్పటికీ అనడానికి గుర్తు. చిన్నప్పుడు మా బజారు సెలూన్లో ముందో అద్దం, వెనకో అద్దం ఉండేవి. సగం క్రాఫుతో వందమంది నన్ను చూసి జడుసుకున్న రోజు గుర్తొచ్చి నవ్వాగలేదు, క్షమించండి. ఆ నిశ్శబ్దంలో బాగా వినిపించింది కూడా.

ఆ గదిలోనే అమ్మ అడిగింది, పెళ్ళికొడుకు అమ్మానాన్నలు మీ మతంలో లేకపోతే ఎక్కడ కూర్చుంటారని. బయట, అన్నాను. “కన్నవాళ్ళు బయటా!” పోనీ ముందు మామూలు పెళ్ళి అందరి ఎదుటా చేసుకుందామంటే, మీ దేశంలో మీ గుడి పెళ్ళికి ఆపైన ఏడాది ఆగాలన్న నియమం ఉండేది. 2019లో ఎత్తేశారు. మంచిపనే, కానీ అప్పటికే ఎందరు తల్లులు మీ పూలతోటలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారో!

ఇంకో సంగతి. మీ ప్రతిష్ఠ నాటికి వాషింగ్టన్ జనంలో సగానికి పైగా నల్లవాళ్ళు. మీ చర్చిలో ఉన్న నల్లవాళ్ళకి కూడా గుడి పెళ్ళి లేదు, నల్ల మగవాళ్ళకి పౌరోహిత్యం లేదు. 1978 జూన్‌లో పైనుంచి వెలుగు వచ్చిందని చెప్పి ఆ అడ్డు తీసేశారు. అంత ఎత్తున ఉండీ ఆ వెలుగు అందడానికి మీకు నాలుగేళ్ళు పట్టిందేమండీ అని దెప్పుదామనుకున్నా. కానీ 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశానికి చట్టం తేవాల్సి వచ్చిన జనం మేం. అందుకని గొంతు తగ్గించి అడుగుతున్నా.

ఇప్పుడు మీ బంధువులు మావైపూ ఉన్నారు. ఇండియాలో మీవాళ్ళ మొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాల కూటమి, 2012లో హైదరాబాదులోనే పెట్టారు, 2018లో బెంగళూరుకి గుడి ప్రకటించారు. అక్కడి ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ సంగతి మీకు చెప్పారో లేదో. దర్శనానికి మాత్రం లోటుండదు.

అమ్మ తెనాలి వెళ్ళిపోయింది. నేను ఆఫీసుకి బయల్దేరే వేళకి అక్కడ సాయంత్రం, దీపం పెట్టేసి ఫోన్ చేస్తుంది. టిఫిన్ ఏం తిన్నావని అడిగాక రెండో ప్రశ్న మీ గురించే.

“గుడి దాటావా?”

“లేదమ్మా, ఎదురుగానే ఉంది. పావుగంట నుంచీ.”

ఇట్లు,
ఔటర్ లూప్ మూడో వరసలో, న్యూట్రల్‌లో ఉన్న
ఒక నిత్యదర్శకుడు